విద్యార్థిబంధువు యుంగ్ వింగ్ పండితుని చరిత్రము



ఈ వార్షిక సంచికకు నొక మహాపురుషుని చరిత్రమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పురాణపురుషుల చరిత్రములను, మన కవుల చరిత్రములను నాకంటె చక్కగా వ్రాయగలవారు మనలో పలువురు కలరు. కావున నేను దూరదేశమున పుట్టి, అంతకంటె దూరదేశమున చదివి, తనకు లభించిన చదువు తన దేశపు పిల్లలకును లభింపవలెనని జీవితమంతయు పాటుపడిన యొక చీనాదేశీయుని చరిత్రము నెన్నుకొంటిని. ఆయన పేరు యుంగ్ వింగ్. చీనా ఉత్తరభాగపు భాషలో నీ పేరునే రోంగ్ హోంగ్ అని పలుకుదురు. 1854వ సంవత్సరమున యేల్ కళాశాలలో పట్టము పొంది, అమెరికా విద్యాపీఠములలో పట్టభద్రుడైన మొదటి చీనాదేశీయుడని ఆయన ప్రసిద్ధి గాంచెను.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. విద్యార్థివేతనములకై పిల్లలు పెట్టుకొను అర్జీలను ఎన్నియో చూచితిని. కొన్నింటిని నా చేతితోనే వ్రాసి యిచ్చితిని. దాత యెంత యిచ్చునో తెలుపు పంక్తికంటె, పుచ్చుకొన్నవాడు బదులుగా నేమి చేయవలెనో తెలుపు పంక్తియే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసెడిది. ఇచ్చు చేతికిని పుచ్చుకొను చేతికిని నడుమ నుండవలసిన ధర్మమెట్టిది? యుంగ్ వింగ్ మొదట పుచ్చుకొన్నవాడు, పిదప ఇప్పించినవాడు. రెండు వైపుల కష్టసుఖములును ఆయన యెఱుగును. అందువలన పోషకులీ చరిత్రమును ఓపికతో చదువవలెనని నా మనవి.

జననము, బాల్యము

యుంగ్ వింగ్ 1828వ సంవత్సరము నవంబరు 17వ తేదీన చీనా దక్షిణభాగమున, క్వాంగ్‌టుంగ్ రాష్ట్రములో, నాన్‌పింగ్ అను పల్లెయందు జన్మించెను. ఆ పల్లె అప్పటికి పోర్చుగీసువారి యధీనములో నున్న మకావు పట్టణమునకు నాలుగు మైళ్ల దూరమున నుండెను. తల్లిదండ్రులు పేదవారు. సంతానము నలుగురు. ఆ కాలమున చీనాలో పేరుప్రతిష్ఠలు గోరు బాలుడు ప్రాచీన గ్రంథములను కంఠస్థము చేసి, ప్రభుత్వ పరీక్షలలో నెగ్గి, ఉద్యోగము సంపాదించుట ఆచారము. తండ్రి పెద్దకుమారుని ఆ మార్గముననే నడిపించెను. రెండవవాడగు యుంగ్ వింగును మాత్రము పరదేశీయుల బడిలో వేసెను. విదేశవర్తకము పెరుగుచున్న దినములు గనుక, దుబాసీయైన కుమారుడు ఇంటికి నాలుగు రాళ్లు తెచ్చునని ఆ పేదతండ్రి తలచియుండవచ్చును.

1835వ సంవత్సరమున, ఏడవయేట, గుట్‌స్లాఫ్ దొరసానిగారు మకావులో నడుపుచుండిన బడిలో నీ బాలుడు చేరెను. అది ముఖ్యముగా బాలికల బడి. మేడమీద నిర్బంధముగా నుండవలసి వచ్చుటచే విసిగి, ఇతడు తోడి బాలికలను కొందఱను కూడగట్టుకొని పడవయెక్కి పారిపోయెను. కాని దారిలోనే పట్టుబడెను. దొరసానిగారు వారినందఱను బల్లపై వరుసగా నిలువబెట్టి, తలలకు కాగితపు టోపీలు తగిలించి, తక్కిన పిల్లలకు నారింజపండ్లు పంచిపెట్టిరట! పెద్దవాడైన తరువాత ఆయన తన బాల్యదోషమును దాచుకొనక స్వీయచరిత్రములో వ్రాసికొనెను.

అభినిమందు యుద్ధము వచ్చుటతో ఆ బడి మూతపడెను. 1840లో తండ్రి మరణించెను. తల్లికి ఆధారము లేకపోయెను. పండ్రెండేండ్ల బాలుడు వీధులలో మిఠాయి అమ్మెను; కోతలకాలమున అక్కతో కలిసి వరిచేలలో పరిగె ఏరుకొనెను. ఒకనాడు కోతగాండ్ర పెద్ద, ఈ పిల్లవానికి ఇంగ్లీషు వచ్చునని విని, వినిపింపుమని యడిగెను. బాలుడు సిగ్గుపడుచు ఇరువదియాఱు అక్షరములను గడగడ చదివెను. ఆ కోతగాడు మెచ్చి, మోయలేనన్ని వరిపనలను అతని కిచ్చెను. పరభాష వలన యుంగ్ వింగునకు కలిగిన ప్రథమలాభమిదియే. పిదప నొక అచ్చుకూటమున కాగితములు మడుచు పనిలో నుండగా, ఆ దొరసానిగారి మాట ననుసరించి వైద్యుడగు హాబ్సన్ దొర ఆతనిని వెదకించి మారిసన్ విద్యాసంఘమువారి పాఠశాలలో చేర్పించెను. ఇది 1841లో జరిగినది. మరుసటి సంవత్సరము ఆ పాఠశాల హాంకాంగునకు మాఱెను.

సముద్రయానము

ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు సామ్యూల్ రాబిన్స్ బ్రౌన్. ఆయన యేల్ కళాశాలలో చదివిన అమెరికా దేశీయుడు, మిక్కిలి ఓర్పుగలవాడు. 1846లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోవలసివచ్చినపుడు, తనతో వచ్చి అమెరికాలో చదువగోరు బాలురెవరైన నున్నచో లేచి నిలువవలసినదని తరగతిలో అడిగెను. మొదట లేచినవాడు యుంగ్ వింగ్. వెనుక వాంగ్ షింగ్, వాంగ్ ఫూన్ అను నిరువురు లేచిరి.

మన పెద్దలు సముద్రయానమునకు ప్రాయశ్చిత్తము విధించుచుండిన కాలమది. చీనాలోనైతే రాజాజ్ఞ లేక దేశము విడుచుట చట్టవిరుద్ధము. ఇంటికి పోయి తల్లితో చెప్పగా ఆమె యెంతయో దుఃఖించెను; తుదకు కన్నీటితోనే సెలవిచ్చెను. ఆ తల్లి వితంతువు, నిరుపేద. ఆ సంగతి దాతలు మఱువలేదు. హాంకాంగులోని కొందఱు వర్తకులును, ఒక పత్రికాధిపతియును ఆ ముగ్గురు బాలురకు రెండేండ్ల ఖర్చు భరించుట యేగాక, కొడుకుల సంపాదన పోగొట్టుకొనుచున్న తలిదండ్రులకును ఆ రెండేండ్లు భృతి యిచ్చిరి. పేదబాలుని చదివించుటయన నతని జీతమునకు అలవాటుపడిన ఇంటిని గూడ నిలబెట్టుటయని వారు గ్రహించిరి. ఆలిఫాంట్ సోదరులను వర్తకులు తమ యోడలో ఉచితముగ చోటిచ్చిరి.

1847వ సంవత్సరము జనవరి 4వ తేదీన, తేయాకు నింపిన హంట్రెస్ అను తెరచాప యోడలో బయలుదేరి, ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, దారిలో సెంటు హెలీనా ద్వీపమున నెపోలియనును పూడ్చిన చోటు చూచి, 98 దినములకు, ఏప్రిల్ 12వ తేదీన న్యూయార్కు చేరిరి.

విద్యార్థిదశ

ముగ్గురును మసాచుసెట్సు రాష్ట్రములోని మాన్సన్ అకాడమీలో చేరిరి. మరుసటి సంవత్సరమే వాంగ్ షింగ్ జబ్బుపడి స్వదేశమునకు పోయెను. వాంగ్ ఫూన్ 1850లో స్కాట్లండునకు పోయి ఎడింబరోలో వైద్యము చదివి, తరువాత చీనాకు వచ్చి పేరుగాంచెను. యుంగ్ వింగ్ ఒంటరిగా అమెరికాలో నిలిచెను. అతని కోరిక కళాశాలలో చదువవలెనని. హాంకాంగు దాతల సాయము రెండేండ్లకే పరిమితము.

అపుడు జరిగిన సంగతి యీ చరిత్రమునకు ప్రాణము వంటిది. అకాడమీ ధర్మకర్తల యొద్ద పేదవిద్యార్థులకై యొక నిధి యుండెను. కాని దానిని పొందువాడు చదువైన పిదప మతబోధకుడనై పనిచేయుదునని ముందుగా ప్రమాణపత్రము వ్రాసి యియ్యవలెను. యుంగ్ వింగ్ అప్పటికి క్రైస్తవుడే. ఆ వృత్తిపై నతనికి ద్వేషము లేదు. ఐనను అతడు సంతకము చేయనని చెప్పెను. తన దేశమునకు ఏ విధముగా మేలుచేయు నవకాశము రాగలదో అప్పటికి తెలియదనియు, చదువు ముగియకముందే చేతులు కట్టివేసికొనిన, వచ్చిన అవకాశమును అందుకొనజాలననియు అతని భావము. గురువులును మిత్రులును నచ్చజెప్పిరి. చేతిలో కాసు లేని యిరువదియొకటవయేట, పరదేశములో, ఈ మాట చెప్పుటకు ఎంత గుండె యుండవలెనో పాఠకులే యూహింపగలరు.

బ్రౌను దొర శిష్యునిపై కోపింపలేదు. ఆయన జార్జియా రాష్ట్రములోని సవన్నా పట్టణపు స్త్రీల సంఘముతో ప్రసంగించెను. చూచి యెఱుగని యా బాలునకు సాయపడుటకు, ప్రమాణపత్రమేమియు నడుగకయే, ఆ స్త్రీలు సమ్మతించిరి. 1850లో యుంగ్ వింగ్ యేల్ కళాశాలలో ప్రవేశించెను.

ఆ కాలపు యేల్‌లో నేర్పునవి ముఖ్యముగా గ్రీకు, లాటిను, గణితము. ఇతడు ప్రవేశించునప్పటికి లాటిను పదునైదు నెలలు, గ్రీకు పండ్రెండు నెలలు మాత్రమే చదివియుండెను. అర్ధరాత్రము దాకా దీపము ముందు కూర్చుండి చదువవలసి వచ్చెను. ఉన్నతగణితము ఎంతకును కొఱుకుడుపడలేదు. కాని రెండవ సంవత్సరమున ఇంగ్లీషు వ్యాసరచనలో తోడివారి నతిక్రమించి వరుసగా రెండు బహుమానములు పొందెను. ఖర్చులకై విద్యార్థుల భోజనశాలకు సరకులు కొని వడ్డనలు చూచుచు, ఒక గ్రంథాలయమున పనిచేయుచు కొంత సంపాదించుకొనెను. 1852లో అమెరికా పౌరసత్వము స్వీకరించెను.

ఇప్పటి కళాశాలలలో అంతర్జాతీయ సంబంధములు, పరదేశ సంస్కృతులు అను శాఖలు ప్రత్యేకముగా నున్నవి. అంతర్జాతీయ రాజనీతికి మొదటి ఆచార్యపీఠము వేల్సు దేశములోని అబెరిస్ట్‌విత్ కళాశాలలో 1919లో స్థాపింపబడినది. అది యుంగ్ వింగ్ మరణించిన యేడేండ్లకు. ఆయన చదివినపుడు అట్టి తరగతియే లేదు. పరదేశపు ఇండ్లలో నివసించి, పరుల పంక్తిలో భుజించి, వారి చట్టసభలను, బడులను, కర్మాగారములను కన్నులార చూచి ఆయన ఆ శాస్త్రము నేర్చెను. ఆ పరిశీలనలో నొక ప్రశ్న యాయనను వేధించెను. తన దేశమునందు బుద్ధిమంతులు లేకపోలేదు. కాని లోకము మాఱినదని వారికి తెలిసికొను మార్గము లేదు. తనవంటి చదువు ఏటేట కొందఱు బాలురకు లభించినచో చీనా మేల్కొనును. పట్టము పుచ్చుకొనక ముందే ఆయన యీ నిశ్చయమునకు వచ్చెను.

స్వదేశాగమనము

1854 నవంబరులో న్యూయార్కు నుండి బయలుదేరి, 154 దినములు సముద్రముపై గడపి హాంకాంగు చేరెను. రేవు సమీపించునపుడు, నీటిలో ప్రమాదకరములగు రాళ్లున్నవేమో దారి చూపవచ్చిన చీనా నావికుని అడుగుమని ఓడ యజమాని కోరెను. యుంగ్ వింగ్ నోరు తెఱచెను. కాని మాతృభాషలో ఆ మాట జ్ఞప్తికి రాలేదు. చుట్టునున్నవారు నవ్విరి. ఎనిమిదేండ్ల పరభాషావాసము వలన తల్లిభాష తప్పిపోయినది. ఆయన యీ లోపమును కప్పిపుచ్చక, కాంటన్ నగరములో ఆఱు నెలలు కూర్చుండి స్వభాషను మరల అభ్యసించెను.

ఇంటికి పోగా తల్లి యానందమునకు మేర లేదు. ఆ పట్టమునకు ఎంత ధనము బహుమానముగా నిత్తురని ఆమె యడిగెను. ధనమియ్యరు గాని, విద్య ధనముకంటె బలమైనదని కుమారుడు విన్నవించెను. అన్నకు మీసము లేకుండగా తమ్ముడు మీసము పెంచుట మర్యాద కాదని ఆ తల్లి యనగా, యేల్ పట్టభద్రుడు వెంటనే మంగలికడకు పోయి మీసము తీయించుకొని వచ్చెను. పరదేశవిద్య తనకు మాతృభక్తిని తగ్గింపలేదని ఇట్లు చూపెను.

ఆ దినములలోనే మకావులో నొక దృశ్యము చూచెను. పరదేశములకు పంపబడు చీనా కూలీలను, ఒకరి జడ నొకరికి ముడివేసి, పశువులవలె తోలుకొనిపోవుచుండిరి. ఆ దృశ్య మాయన మనసున నాటుకొనెను. దాని ఫలము ముందు చెప్పెదను.

తరువాత కొన్నియేండ్లు ఉద్యోగములు చేసెను, విడిచెను. షాంఘై సుంకపు కార్యాలయమున నెలకు 75 తాయెలుల వెండి జీతము. అచ్చటి దుబాసీలు ఓడవర్తకులయొద్ద లంచములు తినుచుండిరి. చీనాదేశీయుడెంత సమర్థుడైనను ఆ కార్యాలయమున పైయధికారి కాజాలడని తెలియగానే, నాలుగు నెలలకే ఆ కొలువునకు స్వస్తి చెప్పెను. తేయాకు వర్తకము చేసెను. 1860లో తైపింగ్ తిరుగుబాటుదారుల రాజధానియగు నాన్‌కింగునకు పోయి, సైన్యమునకును పాలనకును విద్యకును సంబంధించిన యేడు సూచనలు వారి ముందుంచెను. వారు పదవీముద్రిక నిచ్చిరి గాని సూచనలను ఆచరణలో పెట్టు సామర్థ్యము వారికి లేదని గ్రహించి, ఆ ముద్రికను తిరిగి యిచ్చివేసెను.

జెంగ్ గువోఫాన్ ఆశ్రయము

1863లో ఆయన భాగ్యము తిరిగెను. చీనా రాజ్యతంత్రమున నప్పటికి అగ్రగణ్యుడు జెంగ్ గువోఫాన్. ఆయన ప్రాచీనవిద్యలో మహాపండితుడు; సేనాపతి; మనుష్యులను చూచి పోల్చగల నేర్పరి. యుంగ్ వింగును పిలిపించి, యంత్రములను తయారుచేయు యంత్రములను కొనితెచ్చుటకై 68,000 తాయెలుల వెండి చేతికిచ్చి అమెరికాకు పంపెను. మసాచుసెట్సులోని ఫిట్చ్‌బర్గ్ పట్టణమున పుట్నం కంపెనీవారి కర్మాగారమున ఆ యంత్రములు తయారయ్యెను. అమెరికాలో నప్పుడు అంతర్యుద్ధము జరుగుచుండెను. యంత్రములు సిద్ధమగులోపల తాను ఆఱు నెలలు స్వచ్ఛందసేవ చేయుదునని ఆ ప్రభుత్వమునకు విన్నవించుకొనగా, వారు వందనములు చెప్పి అక్కరలేదనిరి. ఆ యంత్రములు షాంఘైలోని కియాంగ్నాన్ ఆయుధశాలను చేరినవి. దానితోపాటు యంత్రవిద్యను నేర్పు పాఠశాల గూడ నుండవలెనని ఆయన ఒప్పించెను.

కాని ఆయన మనసులోని కోరిక వేఱు. 1868లో రాష్ట్రపాలకుడగు డింగ్ రిచాంగ్ ద్వారా నాలుగు సూచనలు పైకి పంపెను. ఓడల కంపెనీ, గనులు మొదలగునవి చుట్టును పేర్చి, నడుమ తన విద్యార్థుల పథకమును పెట్టెను. దానిని మంత్రివర్గమునందు సమర్థింపవలసిన యధికారి మాతృవియోగముచే ఆచారము ప్రకారము సుదీర్ఘాశౌచమున నుండుటచే ఆ కాగితములు మూలబడెను. యుంగ్ వింగ్ ఎదురుచూచెను. 1870లో టియన్‌త్సిన్ పట్టణమున కలహము జరిగి, దాని పరిష్కారమునకై జెంగ్ గువోఫాన్, డింగ్ రిచాంగ్ మొదలగువారు కూడినపుడు మరల ప్రస్తావన వచ్చెను. పథకమునకు వారు సమ్మతించిరి. ఆ వార్త డింగ్ రిచాంగ్ రాత్రివేళ వచ్చి తెలుపగా, యుంగ్ వింగునకు తెల్లవారు వరకు నిదురపట్టలేదు. పట్టము పుచ్చుకొన్న పదునాఱేండ్లకు కోరిక ఫలించెను.

నూట యిరువదిమంది బాలురు

ఏడాదికి ముప్పదిమంది చొప్పున నాలుగేండ్లు, మొత్తము 120 మంది బాలురను అమెరికాకు పంపవలెను. వారచ్చట పదునైదేండ్లు చదువవలెను. ఖర్చు షాంఘై సుంకపు రాబడి నుండి యియ్యవలెను. బాలురతోపాటు చీనా గురువులు వెళ్లి స్వభాషను, స్వగ్రంథములను చెప్పవలెను. ఇదియే ఏర్పాటు.

ధనము దొరకెను గాని పిల్లలు దొరకుట కష్టమయ్యెను. కుమారుని పదునైదేండ్లు విడిచిపెట్టుటకును, అచ్చట చనిపోయినచో ప్రభుత్వము బాధ్యత వహింపదని పత్రము వ్రాయుటకును ఏ తండ్రి సాహసించును? ఉత్తరరాష్ట్రములవారు ముందునకు రాలేదు. బాలురలో మూడింట రెండువంతులు క్వాంగ్‌టుంగ్ వారే. మొదటి జట్టు 1872 ఆగస్టులో బయలుదేరెను. ఆ శుభదినమును చూడక ముందే ఆ సంవత్సరారంభముననే జెంగ్ గువోఫాన్ మరణించెను. పథకము లీ హుంగ్‌జాంగ్ చేతికి వచ్చెను.

కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డ్ పట్టణము ప్రధానస్థానము. యుంగ్ వింగ్ బాలురను ఇరువురిని, నలువురిని చొప్పున గృహస్థుల యిండ్లలో నుంచెను. పరదేశమును పుస్తకములో గాక యింటిలో నేర్వవలెనని తన యనుభవము. పిల్లలు త్వరలోనే భాష నేర్చి తరగతులలో ముందునకు వచ్చిరి. వారు బేస్‌బాల్ ఆడిరి, గెలిచిరి.

1875లో యుంగ్ వింగ్ మేరీ కెల్లాగ్ అను అమెరికా స్త్రీని వివాహమాడెను. ఇరువురు కుమారులు కలిగిరి. 1876లో యేల్ ఆయనకు గౌరవపట్ట మొసగెను. యేల్‌లో చీనాభాషకు ఆచార్యపీఠము స్థాపించినచో తన గ్రంథములను ఇచ్చెదనని ఆయన కళాశాలవారిని ప్రోత్సహించుచుండెను. 1877లో సామ్యూల్ వెల్స్ విలియమ్స్ ఆ పీఠమునకు ఆచార్యుడుగా నియమింపబడెను. 1878లో యుంగ్ వింగ్ 1,237 చీనాగ్రంథ సంపుటములను కళాశాలకు దానము చేసెను. తాను పుచ్చుకొన్నచోటికి తిరిగి యిచ్చుట యనగా నిట్టిది. సంతకము చేయని ఋణమును ఆయన యీ విధముగ తీర్చెను.

పెరూ దేశపు కూలీలు

ఈ నడుమ మఱియొక కార్యము చేసెను. కూలీలను పంపుటకు ఒడంబడిక కావలెనని పెరూదేశపు ప్రతినిధి చీనాకు వచ్చి, తమ దేశమున చీనా కూలీలు సుఖముగ నున్నారని చెప్పెను. లీ హుంగ్‌జాంగ్ ఆజ్ఞచే యుంగ్ వింగ్ 1874లో పెరూకు పోయి, స్వయముగా విచారించి, కొరడాదెబ్బలచే చీలిన కూలీల వీపులను ఛాయాచిత్రములుగా తీయించి నివేదికతో పంపెను. ఆ చిత్రములను చూపగా ప్రతినిధికి నోటమాట రాలేదు. ఆ శతాబ్దముననే మన తెనుగువారును కూలీలై మారిషసునకు, నేటాలునకు ఓడలెక్కిరి. వారి కష్టములు తెలిసిన కుటుంబములు మనలో నున్నవి. కావున నీ భాగము చదువునపుడు మనకు పరాయి కథవలె తోచదు. మకావులో చూచిన జడల ముడి ఆయన యిరువదియేండ్లు మఱువలేదు. పరదేశవిద్య చదివిన వానికి ధర్మమేదియని యడుగువారికి నిదియొక సమాధానము.

పథకభంగము

1875 చివర యుంగ్ వింగ్, ఆయన సహాధికారి చెన్ లాన్‌బిన్ అమెరికాకు రాయబారులుగా నియమింపబడిరి. తరువాత వూ జిడెంగ్ అను పండితుడు విద్యార్థుల పైవిచారణకర్తగా వచ్చెను. బాలురు తన ముందు సాష్టాంగపడుట లేదనియు, చీనాపాఠములందు శ్రద్ధ తగ్గినదనియు, ఆటలలో మునిగినారనియు, కొందఱు జడలు కత్తిరించుకొని పరమతమున చేరుచున్నారనియు, ఇట్టివారు స్వదేశమునకు పనికిరారనియు ఆయన పైవారికి లేఖలు వ్రాయుచుండెను.

సంస్కృతము చదివిన నాకు వూ పండితుని మాటలన్నియు అసత్యములని చెప్ప మనసొప్పదు. చీనాపాఠములందు శ్రద్ధ తగ్గినమాట నిజము. యుంగ్ వింగే హాంకాంగు రేవులో తల్లిభాష మఱచినవాడు. ఆ విషయమున ఆయన ఇంకను గట్టిగా నుండవలసినది. కాని పైరులో కలుపు మొలచినపుడు కలుపు తీయవలెను గాని పైరు పెఱికివేయరాదు.

అదే సమయమున అమెరికాలో చీనావారిపై ద్వేషము పెరుగుచుండెను. బాలురలో తగినవారిని సైనిక, నౌకాదళ కళాశాలలలో చేర్చుకొనుమని యడుగగా, 1868 నాటి సంధిలో మాటయున్నను, అమెరికా ప్రభుత్వము చోటులేదని తిరస్కరించెను. ఈ యవమానము పీకింగులో విరోధుల చేతికి ఆయుధమయ్యెను. యేల్ అధ్యక్షుడు నోవా పోర్టరు మొదలగు విద్యావేత్తలు విన్నపము పంపిరి. మార్క్ ట్వేన్ అను రచయితయు, ట్విచెల్ అను మతాచార్యుడును మాజీ అధ్యక్షుడగు గ్రాంటును కలిసికొనగా ఆయన లీ హుంగ్‌జాంగునకు వ్రాసెను. ఫలము లేకపోయెను. 1881లో బాలురనందఱను వెనుకకు రమ్మని యుత్తరువు వచ్చెను. పదునైదేండ్ల పథకము తొమ్మిదవ యేట తెగిపోయెను. అప్పటికి పట్టము పొందినవారు ఇరువురే.

సుమారు నూరుమంది యువకులు షాంఘైలో దిగిరి. స్వాగతమిచ్చువారు లేరు. కావలివారి నడుమ వీధులవెంట నడిపించి, పాడుబడిన యొక బడిలో ఉంచిరి. పిదప తంతివార్తలశాఖకు కొందఱను, నౌకాదళమునకు కొందఱను, గనులకు కొందఱను, వారు చదివినదానితో నిమిత్తము లేక పంచిరి.

ఉత్తరకాలము

1882లో అమెరికా చీనాకూలీల రాకను నిషేధించు చట్టము చేసెను. 1886లో యుంగ్ వింగ్ భార్య మరణించెను. తల్లిలేని ఇరువురు కుమారులను పెంచుటయే కొన్నియేండ్లు ఆయన వ్రతమయ్యెను. 1895లో స్వదేశమునకు పిలువబడి, జాతీయ బ్యాంకు, రైలుమార్గములకై పథకములు వ్రాసెను. లంచగొండితనము వలన అవి సాగలేదు. 1898లో సంస్కరణవాదులకు తన యింటిలో చోటిచ్చెను. వారి యత్నము నూఱుదినములలో విఫలము కాగా ప్రాణభయముచే తప్పించుకొని పోవలసి వచ్చెను.

ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము ఆయన పౌరసత్వము చెల్లదని నిర్ణయించెను. నలుబదియాఱేండ్ల క్రిందట తామే యిచ్చినదానిని తామే కాదనిరి. ఒక దేశమున ప్రాణమునకు వెల కట్టిరి. మఱియొక దేశమున పౌరుడు కాడనిరి. ఐనను 1902లో ఆయన అమెరికాకు వెళ్లగలిగెను. ఆ యేడు ఆయన చిన్నకుమారుడు యేల్‌లోనే పట్టము పుచ్చుకొనెను. 1909లో తన జీవితచరిత్రమును ఇంగ్లీషులో ప్రకటించెను. 1912 ఆరంభమున చీనాలో గణరాజ్యమేర్పడి, సన్ యట్ సేన్ ఆయనను స్వదేశమునకు ఆహ్వానించెను. కాని దేహము సహకరింపలేదు. 1912వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన, ఎనుబది నాలుగవయేట, హార్ట్‌ఫర్డ్ పట్టణమున పరమపదించెను. అచ్చటి సీడర్ హిల్ శ్మశానవాటికయందు ఆయన సమాధి యున్నది.

ఫలము

పథకము విఫలమైనదని 1881లో అందఱు తలచిరి. ఆ బాలుర తరువాతి చరిత్రమును చూడుడు. మొదటి జట్టులో చిన్నవాడుగా వచ్చిన జాన్ టియాన్‌యూ, ఆ యిరువురు పట్టభద్రులలో నొకడు. ఇంజనీరై, పీకింగునుండి జాంగ్‌జియాకోవు వరకు కొండలమీదుగా సుమారు 200 కిలోమీటర్ల రైలుమార్గమును 1905 మొదలు 1909 వరకు విదేశీయ ఇంజనీర్ల సాయము లేక నిర్మించెను. టాంగ్ షావోయి 1912లో గణరాజ్యపు మొదటి ప్రధానమంత్రి యయ్యెను. లియాంగ్ చెంగ్ వాషింగ్టనులో రాయబారియై, చీనా చెల్లింపవలసిన యుద్ధపరిహారములో కొంతభాగమును అమెరికావారు తిరిగి యిచ్చునట్లు కృషిచేసెను. ఆ ధనముతోనే 1911లో పీకింగులో సింగ్‌హ్వా విద్యాలయము వెలసి, మరల వందలకొలది విద్యార్థులను అమెరికాకు పంపెను. ఆ విద్యాలయపు మొదటి అధ్యక్షుడు టాంగ్ గువోఆన్ గూడ నా నూట యిరువదిమందిలోని వాడే. మఱికొందఱు 1884లో ఫ్రెంచివారితోను, 1894లో జపానువారితోను జరిగిన నౌకాయుద్ధములలో స్వదేశముకొఱకు ప్రాణములర్పించిరి. పరదేశవిద్య చదివినవారు స్వదేశమునకు పనికిరారని వూ పండితుడు చేసిన నిందకు నింతకంటె సమాధానమేమి కావలెను?

పోషకమహాశయులారా, ఈ చరిత్రమున దాతలు పలువిధముల వారు కనబడుదురు. హాంకాంగు వర్తకులు బాలునితోపాటు తల్లినిగూడ జ్ఞాపకముంచుకొనిరి. అకాడమీవారు మంచియుద్దేశముతోనే యైనను ప్రమాణపత్ర మడిగి, తమ పాఠశాల చరిత్రమున నొక గొప్ప విద్యార్థిని పోషించు అవకాశమును కోల్పోయిరి. సవన్నా స్త్రీలు ఏమియు నడుగక యిచ్చిరి. చీనా ప్రభుత్వము పుష్కలముగ నిచ్చి, కోతకు ముందే చేను విడిచెను. మన నిధి చిన్నదైనను మనమే త్రోవను నడువవలెనో నిర్ణయించుకొనుటకు ఈ నాలుగు ఉదాహరణములు చాలును.

విద్యార్థులకు నొకమాట. మీరు ఏ దేశమునకు పోయినను, ఏ దేశపు రాజనీతిని, ఆచారములను చదివినను, మన భాషను రేవులో మఱువకుడు. మఱచినచో, సిగ్గుపడక, ఆఱు నెలలు కూర్చుండి మరల నేర్చుకొనుడు. ఇంటికి వచ్చినపుడు తల్లి యడిగిన చిన్నకోరికను కాదనకుడు. బలహీనుల వీపులపై నున్న గాయములను చూచినపుడు, మీకు వచ్చిన భాషలో, మీకు తెలిసిన పద్ధతిలో, వినవలసినవారికి వినిపింపుడు. యుంగ్ వింగ్ పండితుడు చేసినది యింతే; చేయవలసినదియు నింతేయని నా విశ్వాసము.

స్వస్తి.